ఏడాది చివర్లో బెంగళూరు పీజీలు, హోటళ్లు నడిపేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

2005 డిసెంబర్ 28న బెంగళూరు ఐఐఎస్‌సీలో కాల్పులు జరిగాయి. 2014లో సరిగ్గా అదే తేదీన చర్చ్ స్ట్రీట్‌లో బాంబు పేలింది. అందుకే డిసెంబర్ ఆఖరు నుంచి జనవరి 26 దాకా పోలీసులు లాడ్జీలూ పీజీలూ తిరుగుతూ రిజిస్టర్లు అడిగితే విసుక్కోకండి. మనవాళ్లకు ఇదే సంక్రాంతి ప్రయాణాల కాలం కూడా. మడివాళలో ఊరి బస్సుల కోసం బ్యాగుల గుట్టల మధ్య నిలబడే జనం ఎంతమందో మీకు తెలుసు. 2008 జూలై 25 వరుస పేలుళ్లలో ఒక మహిళ చనిపోయింది మడివాళ బస్టాపులోనే.

ఎవరి పని ఏదో ముందు తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. మక్కా మసీదు, గోకుల్ చాట్, లుంబినీ పార్క్ పేలుళ్లు జరిగిన 2007లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే కమాండో దళం ఆక్టోపస్‌ను ఏర్పాటు చేసింది. కర్ణాటకలో అలాంటి దళం పేరు గరుడ. ముంబయి దాడుల తర్వాత పెట్టిన అంతర్గత భద్రతా విభాగం కింద అది పనిచేస్తుంది. ఆయుధాలతో ఎవరైనా లోపల దూరినా, జనాన్ని బందీలుగా పట్టుకున్నా దిగేది వాళ్లు. మీ మెస్‌లో దొరికిన బ్యాగు వాళ్ల పని కాదు. దానికి ముందు స్టేషన్ పోలీసులు, వెనకే కుక్కలతో బాంబ్ స్క్వాడ్ వస్తారు. దర్యాప్తు తర్వాత నగర పోలీసుల క్రైమ్ బ్రాంచి సీసీబీకో, కేసు పెద్దదైతే కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకో వెళ్తుంది. మీరు చేయాల్సిన నంబరు మాత్రం ఒక్కటే, 112. తెలిసిన ఎస్సైకి వాట్సాప్‌లో ఫొటో పంపి జవాబు కోసం కూర్చోవద్దు.

కమాండోల తుపాకుల కంటే కేసును ముందుకు నడిపేవి కెమెరా, రిజిస్టర్. 2024 మార్చి 1న బ్రూక్‌ఫీల్డ్ రామేశ్వరం కెఫేలో బ్యాగు పెట్టిన మనిషి కదలికలను పోలీసులు హోటల్ కెమెరాల్లో, సిటీ బస్సు కెమెరాల్లో వెతికి పట్టుకున్నారు. ఆరు వారాల్లో ఎన్‌ఐఏ కోల్‌కతా దగ్గర ఇద్దరిని అరెస్టు చేసింది. కాబట్టి మొదట కెమెరాల సంగతి చూడండి.

కర్ణాటక పబ్లిక్ సేఫ్టీ చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల ఫుటేజీ ఉంచాలంటుంది. చాలాచోట్ల డీవీఆర్‌లో, అంటే కెమెరాల రికార్డరులో ఉండేది ఒక టెరాబైట్ డిస్కు. ఎనిమిది కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ బిట్‌రేటు (సెకనుకు రికార్డయ్యే డేటా) చొప్పున రికార్డు చేస్తే రోజుకు సుమారు 173 జీబీ అవుతుంది. అంటే ఆ డిస్కు ఆరు రోజులు కూడా నిలవదు. ఏడో రోజు పోలీసులు వచ్చి అడిగితే మొదటి రోజు ఫుటేజీ చెరిగిపోయి ఉంటుంది. ఆరు టెరాబైట్ల డిస్కు వేయండి. లేదా రికార్డింగును వీడియోను తక్కువ చోటులో కుదించే హెచ్.265 పద్ధతికి మార్చి బిట్‌రేటు సగానికి తగ్గించండి, అప్పుడు మూడు టెరాబైట్లు సరిపోతాయి. బిట్‌రేటు తగ్గించాక రాత్రిపూట గేటు దగ్గర ముఖం పోల్చుకునేలా వస్తోందో లేదో తప్పకుండా చూసుకోండి. డీవీఆర్ గడియారాన్ని కూడా ఫోన్‌తో సరిచూడండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే లోపలి బటన్ సెల్ అయిపోయినట్టే. పది నిమిషాల తేడా ఉన్న ఫుటేజీని పక్క షాపు ఫుటేజీతో కలిపి చూడడం దర్యాప్తు చేసేవాళ్లకు నరకం.

ఇక రిజిస్టర్. ఆధార్ జిరాక్సు ఒక్కటే తీసుకుని గదిలో దింపేయడం మన పీజీల్లో పాత అలవాటు. జిరాక్సు మీద ఫొటో ఎవరిదైనా అతికించొచ్చు. ఒరిజినల్ కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ స్కానర్ యాప్‌తో చదవండి. అందులోని వివరాల మీద డిజిటల్ సంతకం ఉంటుంది, పేరు మారిస్తే పట్టిస్తుంది. ఊళ్లో ఇంటివాళ్ల నంబరు రాయించుకుని, చేరే మనిషి ఎదురుగానే ఒకసారి మోగించండి. బండి నంబరు, చేరిన తేదీ, ఖాళీ చేసిన తేదీ రాయాలి. పండగకు ఊరెళ్లినవాళ్ల మంచం మీద "మా ఫ్రెండ్ అన్నా, రెండ్రోజులే" అంటూ పడుకునేవాళ్ల వివరాలు రాయకుండా అసలు వదలొద్దు. జనవరిలో రిజిస్టర్లకు ఎక్కనివాళ్లు ఎక్కువగా వాళ్లే. విదేశీయులు దిగితే 24 గంటల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు ఆన్‌లైన్‌లో తెలపాలి. అయితే పేరునో గడ్డాన్నో చూసి గది లేదనడం జాగ్రత్త కిందికి రాదు, కాగితాలు అందరికీ ఒకటే.

దిక్కులేని బ్యాగు కనిపిస్తే మూడు చూడండి: అది దాచినట్టు పెట్టారా, వైరో టేపో బయటికి కనిపిస్తోందా, ఆ చోట మామూలుగా ఉండే వస్తువేనా. రామేశ్వరం కెఫేలో బ్యాగు పెట్టింది చేతులు కడుక్కునే చోటుకు దగ్గర్లో. హోటల్లో బల్లల కింద, వాష్‌బేసిన్ పక్కన, చెత్తడబ్బా వెనక గంటకోసారి చూసే బాధ్యత ఒకే క్లీనర్‌కు పేరుపెట్టి అప్పగించండి. "అందరూ చూడండి" అంటే ఎవరూ చూడరు.

"ఎవరిదయ్యా ఈ బ్యాగు?" అని ఒకసారి గట్టిగా అడగండి. ఎవరూ రాకపోతే ముట్టుకోవద్దు, కాలితో జరపొద్దు, నీళ్లు పోయొద్దు, ఇసుక బకెట్లు చుట్టూ పేర్చొద్దు. పేలితే ఆ బకెట్లే ముక్కలై ఎగురుతాయి. దాని పక్కన నిలబడి ఫోన్ చేయకండి, దూరం వెళ్లాకే 112కు చేయండి. అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ కార్డు ప్రకారం సూట్‌కేసంత బాంబు అయితే కనీసం 46 మీటర్లు ఖాళీ చేయించాలి, 560 మీటర్లు దాటితే మంచిది. బీటీఎం లేఅవుట్ లాంటి చోట్ల ఇరుకు సందుల్లో అంత దూరం ఎక్కడ దొరుకుతుంది? మూల తిరిగి గట్టి గోడ వెనక్కి వెళ్లండి, గాజు అద్దాల ముందు మాత్రం నిలబడొద్దు. వంటగది దారి బ్యాగుకు దూరంగా ఉంటేనే మాస్టర్ పొయ్యిలు ఆర్పి, బయట గ్యాస్ బ్యాంక్ దగ్గర మెయిన్ వాల్వు తిప్పి రావాలి. వెళ్తూ జనం గుమిగూడే ఇంకో చోట చేరకండి. 2010లో చిన్నస్వామి స్టేడియం దగ్గర పేలుళ్ల తర్వాత పేలని బాంబులు కూడా దొరికాయి.

బెదిరింపు ఫోన్ వస్తే పెట్టేయకుండా మాట్లాడించండి. అన్న మాటలు అన్నట్టే రాయండి, యాసను, వెనక వినిపించే శబ్దాలను కూడా. ఈమెయిల్ అయితే చెరపొద్దు, ఫార్వర్డ్ చేయొద్దు. ఫార్వర్డ్ చేస్తే అసలు మెయిల్ ఏ దారిలో వచ్చిందో చెప్పే హెడర్ దాంతోపాటు పోదు. 2023 డిసెంబర్ 1న బెంగళూరులో నలభైకి పైగా బడులకు వచ్చినవి ఉత్తుత్తి బెదిరింపులే. అయినా ఉత్తిదని తేల్చే పని పోలీసులది, మీది కాదు.

ఒకవేళ పేలితే, రక్తం కారే చోట గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టండి, గుచ్చుకున్న మేకును పీకొద్దు. క్షతగాత్రులను తరలించాక నేల కడగకండి. హోటల్ వాళ్లకు మొదట చెయ్యి పోయేది నీళ్ల పైపు మీదికే. టైమర్ ముక్క, బ్యాటరీ, వైరు ఆ నేల మీదే ఉంటాయి. డీవీఆర్‌ను పోలీసులు తీసుకెళ్తే మహజరు (స్వాధీనం చేసుకున్నవాటిని రాసే పంచనామా) కాపీ అడిగి తీసుకోండి. ఫుటేజీ కాపీ ఇస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ మీద సంతకం అడుగుతారు, కెమెరా ఎవరి అధీనంలో ఉందో వాళ్లే పెట్టాలి. ఆ రోజే కొత్త డిస్కు వేసి కెమెరాలు మళ్లీ నడిచేలా చూడండి.