టర్కీ వంట, రెండో పాఠం: వెన్నెముక తీసి కాల్చడం, బొమికల దాకా వాడుకోవడం

పోయిన పాఠంలో 12 పౌండ్ల టర్కీ కోడిని ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచి గడ్డ కరిగించాం. ఈ పాఠం బుధవారం సాయంత్రం మొదలై, థాంక్స్‌గివింగ్ గురువారం రాత్రి స్టవ్ ఆపేదాకా సాగుతుంది.

అమెరికాలో మన తెలుగు ఇళ్లలో టర్కీ మీద వినిపించే ఫిర్యాదు ఒకటే, పీచులా ఉంటుందని. ఆ తప్పు టర్కీది కాదు, కాల్చే పద్ధతిది. రొమ్ము మాంసంలో కొవ్వు చాలా తక్కువ. 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక వేడి పెరిగేకొద్దీ అది ఎండిపోతుంది. తొడ సంగతి వేరు, 175 నుంచి 180 దాకా వెళ్తేనే దాని బిగువు కరిగి మెత్తబడుతుంది. టర్కీని గుండ్రంగా అలాగే ఓవెన్‌లో పెడితే రొమ్ముకి నేరుగా వేడి తగులుతుంది, తొడలు కింద ఉండిపోతాయి. తొడ ఉడికేసరికి రొమ్ము పాడవుతుంది. వెన్నెముక తీసి పక్షిని వెడల్పుగా పరిస్తే తొడలు బయటికి, పైకి వస్తాయి. రెండూ దాదాపు ఒకేసారి తయారవుతాయి. పైగా మూడు గంటలు పట్టే పని గంటన్నరలో అయిపోతుంది.

బుధవారం సాయంత్రం. ముందు టర్కీ లోపల చెయ్యి పెట్టి మెడ, చిన్న సంచిలో ఉన్న గుండెకాయ, కందనకాయ, కార్జం బయటికి తీయండి. సంచి ఒక్కోసారి మెడ వైపు చర్మం కింద దాక్కుని ఉంటుంది, అక్కడా చూడండి. పక్షిని పంపు కింద కడగొద్దు. నీళ్లు చిందిన చోటల్లా క్రిములు చేరతాయి, వాటిని చంపేది ఓవెన్ వేడే. పేపర్ టవల్‌తో తుడిస్తే చాలు.

రొమ్ము కిందికి ఉండేలా బోర్లించి, గట్టి కిచెన్ కత్తెరతో వెన్నెముకకి రెండు పక్కలా తోక నుంచి మెడ దాకా కత్తిరించండి. తొడ కీలు దగ్గర కాస్త బలం పెట్టాలి. తర్వాత వెల్లకిలా తిప్పి, రెండు అరచేతులతో రొమ్ము మధ్య గట్టిగా నొక్కండి. టప్‌మని చప్పుడొచ్చి పక్షి చదునుగా పడుకుంటుంది. అంతటా నాలుగున్నర టీస్పూన్ల సన్న ఉప్పు రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రంతా ఆరిన చర్మం రేపు కరకరలాడుతుంది. ప్యాకెట్ మీద ఉప్పునీళ్లు ఎక్కించామని రాసి ఉంటే ఈ ఉప్పు వేయకండి.

వెన్నెముకని మూడు ముక్కలు చేసి, మెడ, గుండెకాయ, కందనకాయలతో పాటు గిన్నెలో వేయండి. ఒక ఉల్లిపాయ, అల్లం ముక్క, పది మిరియాలు, ములిగేటన్ని నీళ్లు చేర్చి సన్న సెగ మీద రెండు గంటలు ఉంచండి. ఈ బొమికల రసాన్నే స్టాక్ అంటారు. తెర్లనివ్వొద్దు, తెర్లితే స్టాక్ మసకబారుతుంది. కార్జం ఇందులో వేస్తే చేదెక్కుతుంది. దాన్ని ఉల్లి, పచ్చిమిర్చి, మిరియాల పొడితో వేపుడు చేసి ఆ రాత్రే అన్నంలో తినండి. మెత్తబడిన కందనకాయ, గుండెకాయ సన్నగా తరిగి రేపటి గ్రేవీకి దాచండి. వడకట్టిన స్టాక్ కూడా చల్లారాక ఫ్రిజ్‌లోకే.

గురువారం. ఓవెన్ 425 డిగ్రీలు. అంచులున్న పెద్ద ట్రేలో ఉల్లి, క్యారెట్ ముక్కలు పరిచి, కప్పు నీళ్లు పోసి, పైన పక్షిని పెట్టండి. మసాలా విషయంలో నా మాట వినండి. ఇంత వేడికి పైన రాసిన అల్లం వెల్లుల్లి ముద్ద మాడి చేదవుతుంది. దంచిన ధనియాలు, మిరియాలు వెన్నలో కలిపి చర్మం కింద వేలితో పూయండి. పైన నూనె చాలు.

80 నుంచి 90 నిమిషాలు పడుతుంది, కానీ గడియారాన్ని నమ్మకండి. గుచ్చి చూసే థర్మామీటర్ తప్పనిసరి. ఎముకకి తగలకుండా రొమ్ములో అన్నిటికన్నా మందమైన చోట 165, తొడలో 175 చూపాలి. చర్మం ముందే నల్లబడుతుంటే ఫాయిల్ వదులుగా కప్పండి. తీశాక అరగంట ముట్టుకోకండి.

ఆ అరగంటలో గ్రేవీ అయిపోతుంది. ట్రేలో కారిన కొవ్వు నాలుగు టేబుల్‌స్పూన్లు బాణలిలో వేసి, అంతే మైదా బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. నిన్నటి స్టాక్ నాలుగు కప్పులు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. దాచిన కందనకాయ ముక్కలు ఇప్పుడు వేయండి.

కోసేటప్పుడు ముందు కాళ్లు విడదీయండి. తర్వాత ఒక్కో రొమ్మునీ ఎముక నుంచి మొత్తంగా ఊడదీసి, పీచుకి అడ్డంగా ముక్కలు కోయండి. నిలువుగా కోస్తే ఎంత బాగా కాల్చినా పీచే తగులుతుంది. తొడ కింది కాలి ముక్కలో పుల్లల్లాంటి గట్టి నరాలుంటాయి. దాన్ని ప్లేట్లో పెట్టే బదులు చేత్తో మాంసం విడదీసి దాచండి, పలావుకి అదే రుచి.

భోజనాలయ్యాక డొక్క, రెక్కల చివర్లు, ప్లేట్లలోవి కాకుండా కోసిన బల్ల మీద మిగిలిన బొమికలన్నీ పెద్ద గిన్నెలోకి. మళ్లీ ఉల్లి, అల్లం, మిరియాలు, ములిగేటన్ని నీళ్లు. సన్న సెగ మీద మూడు గంటలు. కాల్చిన బొమికల స్టాక్ నిన్నటిదానికన్నా చిక్కగా, ఎర్రగా వస్తుంది. ఫ్రిజ్‌లో జెల్లీలా గడ్డకడితే బాగా కుదిరినట్టు. పైన తేలిన కొవ్వు తీసి సీసాలో పెట్టుకోండి, బంగాళాదుంప వేపుడుకి బాగుంటుంది.

వేడి గిన్నెని అలాగే రాత్రంతా స్టవ్ మీద వదిలేయకండి. వెడల్పాటి డబ్బాల్లోకి పంచితే త్వరగా చల్లారుతుంది. మాంసమైనా, స్టాక్ అయినా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. మిగిలింది ఫ్రీజర్‌లో.

వచ్చే పాఠం పలావు, మిరియాల చారు. వాటికోసం కాలి మాంసం మూడు కప్పులు, బొమికల స్టాక్ ఎనిమిది కప్పులు విడిగా తీసి, డబ్బా మీద తేదీ రాసిపెట్టండి.