బ్రీడ్ రెస్క్యూ నుంచి కుక్కని తెచ్చుకుంటున్నారా, అయితే ఇది చదివి వెళ్ళండి

మొదటిసారి అప్లై చేసినప్పుడు నన్ను రిజెక్ట్ చేశారు, ముందు అది చెప్పేస్తా. హస్కీ కావాలని, వదిలేసిన హస్కీలని చేరదీసి కొత్త ఇళ్ళకి ఇచ్చే ఒక రెస్క్యూ గ్రూప్‌కి ఫామ్ నింపి పంపాను, ఫోన్‌లో ముప్పావుగంట మాట్లాడారు, తర్వాత ఒకాయన ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా వద్దని టేపు తీసి పెరటి గోడ ఎత్తు కొలిచాడు, గేటు కింద సందులో తన చెప్పు దూర్చి చూశాడు, రోజుకి ఎన్ని గంటలు ఇంట్లో ఎవరూ ఉండరని అడిగాడు, తొమ్మిది గంటలన్నాను, రెండ్రోజుల తర్వాత సారీ అండీ మీ ఇంటికి హస్కీ సరిపడదు అని మెసేజ్. ఒళ్ళు మండిపోయింది. దిక్కులేని కుక్కకి ఇల్లిస్తానంటే వీళ్ళకేంటి ఇంత బెట్టు అనుకున్నా. ఏడాది తర్వాత పనివేళలు మారి నేను ఇంట్లోనే ఎక్కువసేపు ఉండడం మొదలయ్యాక వేరే గ్రూప్ నుంచి ఐదేళ్ళ బీగిల్ వచ్చాడు, వాడు గేటు కింద మట్టి తవ్వుతుంటే అప్పుడు గుర్తొచ్చింది ఆయన చెప్పు.

ఈ గ్రూపులు చాలావరకు నలుగురైదుగురు వాలంటీర్లు కలిసి నడిపేవే, ఒక్క బ్రీడ్‌నే పట్టుకుని ఉంటారు, సొంత షెల్టర్ ఉండదు, కుక్కలు వాలంటీర్ల ఇళ్ళల్లోనే ఉంటాయి, వాళ్ళనే ఫోస్టర్లంటారు. మనకి అసలు లాభం ఇదే. షెల్టర్‌లో బోనులో ఉన్న కుక్క గురించి అక్కడివాళ్ళకి తెలిసింది కొంతే, ఫోస్టర్‌కైతే అది రాత్రి ఎక్కడ పడుకుంటుందో, ఉరుముకి ఏం చేస్తుందో, పక్కింటి పిల్లిని చూస్తే ఏమవుతుందో అన్నీ తెలుసు. పైగా అదే జాతి కుక్కలని పదులకొద్దీ చూసుంటారు కాబట్టి ఏది ఆ జాతి గుణమో ఏది ఆ కుక్క ఒక్కదాని భయమో విడదీసి చెప్పగలరు. కాబట్టి ఫోటో చూసి మనసు పారేసుకోకండి, ఫోస్టర్‌తో మాట్లాడాక పారేసుకోండి.

బ్రీడ్ ఎంచుకోవడం దగ్గరే సగం మంది బోల్తా పడతారు. పోలీసు కుక్కల వీడియోలు చూసి మాలినోవా కావాలంటారు, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, దానికి రోజంతా ఏదో ఒక పని చూపించాలి, చూపించకపోతే అదే వెతుక్కుంటుంది, ఆ పని మీ సోఫా మీద జరుగుతుంది. బోర్డర్ కోలీకి గొర్రెలు దొరక్కపోతే మీ పిల్లల్ని మందలా తోలుతుంది, మడమల దగ్గర పళ్ళు కూడా ఆనిస్తుంది. బీగిల్‌కి ముక్కు పనిచేస్తుంటే చెవులు పనిచేయవు, అది మొండితనం అనుకుని మీరు అరిచినా దానికి వినపడదు. అన్నిటికన్నా వింత గ్రేహౌండ్, అంత పరుగు పెట్టే కుక్క ఇంట్లో రోజులో ఎక్కువభాగం నిద్రపోతుంది, అపార్ట్‌మెంట్‌కి హస్కీ కంటే అదే నయం, కాకపోతే ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఆ కుక్కని పిల్లితో పెట్టి చూశారా అని గ్రూప్‌ని తప్పకుండా అడగండి, కదిలే చిన్న ప్రాణిని వెంటాడ్డం దాని రక్తంలోనే ఉంది. అసలు ఈ కుక్కలన్నీ రెస్క్యూకి ఎందుకు చేరాయనుకుంటున్నారు, కొత్త ఒక వింత పాత ఒక రోత అన్నట్టు పిల్లగా ఉన్నప్పుడు ముద్దాడి, ఏడాది నిండి బలమొచ్చి బొచ్చు రాలడం మొదలయ్యాక వదిలించుకున్నవాళ్ళ పుణ్యమే చాలావరకు. ఇల్లు మారడం, విడాకులు, యజమాని చనిపోవడం లాంటివి కూడా ఉంటాయి, అందరినీ తిట్టలేం.

ఫామ్‌లో అబద్ధాలు రాయొద్దు. అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నాడా అని కాగితం అడుగుతారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఎలా పోయిందని అడుగుతారు, మీ వెట్‌కి ఫోన్ చేసి వ్యాక్సిన్లు టైముకి వేయించేవారా అని కనుక్కుంటారు, ఇంట్లో అందరికీ ఇష్టమేనా అని మీ ముందే మీ ఆవిడనో అమ్మనో అడుగుతారు. రోజుకి రెండు గంటలు నడిపిస్తా అని గొప్పకి రాస్తే దానికి తగ్గ కుక్కనే ఇస్తారు, తర్వాత మీరు అరగంటకే చతికిలబడితే ఆ మిగిలిన గంటన్నర శక్తి మీ ఇంటి మీదే ఖర్చవుతుంది. నాకు మోకాలు నొప్పి, అరగంటే నడవగలను అని రాయండి, ఎనిమిదేళ్ళ పెద్ద కుక్కని చూపిస్తారు, నా మట్టుకు అంతకన్నా మంచి బేరం లేదు. పెద్ద కుక్కలు వాళ్ళ దగ్గర నెలల తరబడి ఉండిపోతాయి, పిల్లలు మాత్రం పోస్ట్ పెట్టిన రోజే వెళ్ళిపోతాయి.

ఇప్పుడు మీరు అడగాల్సినవి. మొట్టమొదట, ఎక్కడి నుంచి వచ్చిందీ కుక్క? ఒక ఇంట్లో పెరిగి వచ్చిందా, బ్రీడర్ దగ్గర పిల్లల్ని కనడానికే వాడి వదిలేసిన తల్లా, రేసుల నుంచి రిటైరయిందా, మందులు పరీక్షించే ల్యాబ్ నుంచా. కుక్కకి ఏం రాదో ఈ జవాబులోనే తెలుస్తుంది. 2022లో అమెరికాలోని వర్జీనియాలో ల్యాబుల కోసం బీగిళ్ళని పెంచే ఒక కేంద్రం నుంచి దాదాపు 4000 బీగిళ్ళని బయటికి తెచ్చి రెస్క్యూల ద్వారా ఇళ్ళకి పంపారు. ల్యాబులకి బీగిల్నే ఎందుకు ఎంచుకుంటారంటే చిన్న సైజు, సాధు స్వభావం, బాధపెట్టినా కరవడం తక్కువ, అంటే దాని మంచితనమే దానికి శాపం. అలాంటిచోట పెరిగిన కుక్కకి గడ్డి మీద కాలు పెట్టాలన్నా భయమే, ఎందుకంటే పుట్టాక గచ్చు తప్ప ఇంకోటి తొక్కి ఉండదు. రేసు గ్రేహౌండ్‌కి మెట్లెక్కడం రాదు, అద్దం తలుపు ఉందని తెలీక తల కొట్టుకుంటుంది, కాబట్టి మొదటి వారం అద్దానికి ముక్కు ఎత్తులో ఒక కాగితం అంటించండి. పిల్లల్ని కనడానికే వాడిన కుక్కకి పట్టీ వేసి నడిపిస్తారన్న సంగతే తెలీదు, రోడ్డు మీద బొమ్మలా నిలబడిపోతుంది.

తర్వాత ఫోస్టర్‌ని ఇవి అడగండి: అన్నం గిన్నె దగ్గరికి మనిషి వెళ్తే గుర్రుమంటుందా, ఒంటరిగా వదిలితే ఎంతసేపటికి ఏడుపు మొదలుపెడుతుంది, కార్లో కక్కుతుందా, మగవాళ్ళని చూసి దాక్కుంటుందా, ఏయే మాటలు దానికి తెలుసు, ఎవరినైనా కరిచిందా, కరిస్తే ఏ సందర్భంలో. చివరి ప్రశ్నకి జవాబు తడబడితే అక్కడే ఆగండి. కరిచింది అని ఒప్పుకుని వివరంగా చెప్పే గ్రూప్‌ని నేను నమ్ముతా, అన్నిటికీ బంగారంలాంటి కుక్కండీ అనేవాళ్ళని నమ్మను. ఇంకో మాట, రెస్క్యూ అని బోర్డు పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఎప్పుడడిగినా ఖరీదైన బ్రీడ్ పిల్లలు రెడీగా ఉండడం, కుక్కని చూపించకముందే డబ్బు పంపమనడం, మెడికల్ కాగితాలు తర్వాత ఇస్తాం అనడం, మీ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం, ఇవి కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి. మంచి గ్రూప్ కూడా ఫీజు తీసుకుంటుంది, అందులో తప్పేం లేదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, వ్యాక్సిన్లు, చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, డీవార్మింగ్ అన్నీ కలిపితే చాలాసార్లు వాళ్ళకే చేతిలోంచి పడుతుంది.

కాంట్రాక్ట్ మాత్రం కూర్చుని మొత్తం చదవండి. దాదాపు అన్నిట్లో ఒక షరతు ఉంటుంది, ఏ కారణంతోనైనా ఉంచుకోలేకపోతే కుక్కని వాళ్ళకే తిరిగి ఇవ్వాలి, బంధువులకీ తెలిసినవాళ్ళకీ ఇవ్వకూడదు అని. అది చూసి ఇదేంటి నా కుక్క మీద వీళ్ళ పెత్తనం అనుకోకండి, రేపు మీకేదైనా అయితే ఆ కుక్క రోడ్డున పడదని రాసిచ్చినట్టే. కొన్ని గ్రూపులు మొదట కొన్ని వారాలు ఫోస్టర్‌గా ఉంచుకుని చూడనిస్తాయి, ఉంటే అది తీసుకోండి.

ఆరోగ్యం సంగతికొస్తే, బ్రీడ్ గ్రూప్ విలువ ఇక్కడే తెలుస్తుంది. డాషండ్‌కి వెన్ను డిస్కులు బలహీనం, సోఫా మీంచి దూకనివ్వద్దు. పగ్ ఎండకి తట్టుకోలేదు, మూతి పొట్టి కాబట్టి ఊపిరాడదు. డాల్మేషియన్‌లో చెవిటి కుక్కలు ఎక్కువ, పైగా ఒంట్లో యూరిక్ యాసిడ్ అరిగే తీరు వేరు కాబట్టి మూత్రంలో రాళ్ళొస్తాయి. డోబర్‌మాన్‌కి గుండె జబ్బు బయటికి ఏమీ తెలియకుండానే ముదిరిపోతుంది, గుండె టెస్టు ఎప్పుడు చేయించారని అడగాలి. కోలీల్లో (పైన చెప్పిన బోర్డర్ కోలీ కాదు, రఫ్ కోలీ) చాలావాటికి ఒక జన్యు తేడా వల్ల పురుగులకి వేసే ఐవర్‌మెక్టిన్ లాంటి మందులు డోసు ఎక్కువైతే మెదడుకెక్కి ప్రాణం మీదికొస్తుంది, ఆ జన్యు పరీక్ష చేయించారో లేదో తెలుసుకోండి. గ్రేహౌండ్‌కి రక్తపరీక్ష చేస్తే ఎర్రకణాలు మిగతా కుక్కలకన్నా ఎక్కువే కనిపిస్తాయి, థైరాయిడ్ తక్కువ చూపిస్తుంది, రెండూ దానికి మామూలే, కానీ ఆ జాతిని ఎక్కువగా చూడని వెట్ మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది, మత్తు మందుల విషయంలోనూ జాగ్రత్త ఎక్కువ కావాలి. లాబ్రడార్ ఎప్పుడూ ఆకలి ఆకలి అంటుందని తిట్టుకుంటాం కదా, 2016లో వచ్చిన ఒక పరిశోధనలో దాదాపు నాలుగోవంతు లాబ్రడార్లలో కడుపు నిండిందని చెప్పే జన్యువులో ఒక ముక్క లేదని తేలింది, పాపం అది నటన కాదు. హార్ట్‌వార్మ్ టెస్టు చేశారా అని కూడా అడగండి, దోమల వల్ల వచ్చే పురుగు అది, ఉంటే వైద్యం నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ కుక్కని పరిగెత్తనివ్వకూడదు.

మా వాడిని తెచ్చుకున్నరోజు ఫోస్టర్ ఆవిడ ఒక సంచీ ఇచ్చింది. అందులో వారానికి సరిపడా వాడు తినే తిండి, నాలుగు పేజీల చేతిరాత, ఒక కంపుకొట్టే పచ్చ టవల్. మొదటి పేజీ పైన అండర్‌లైన్ చేసి, టవల్ ఉతకొద్దు. రెండో పేజీలో, ఏదైనా ఎత్తుకుపోతే వెంటపడొద్దు, క్యారెట్ చూపించి మార్చుకోండి. మీకు ఎవరూ ఇలా రాసివ్వకపోతే అడిగి రాయించుకోండి, తిండి కూడా అదే అడిగి తెచ్చుకుని వారం పదిరోజుల్లో కొంచెం కొంచెంగా కొత్తదానికి మార్చండి, లేకపోతే కడుపు పాడై ఇల్లంతా మీరే కడుక్కోవాలి.

మూడో రోజు జరిగింది చెప్తా వినండి. వాకిట్లో కారు దిగాం, పట్టీ నా చేతిలోనే ఉంది, దూరంగా ఎవరిదో బైక్ టపటపమంది, వాడు నాలుగడుగులు వెనక్కి వేసి తల కిందికి వంచి బనీను విప్పినట్టు కాలర్ విప్పేసుకున్నాడు. నా చేతిలో పట్టీ, దాని చివర ఖాళీ కాలర్. గేటు వేసి ఉంది కాబట్టి బతికిపోయాం. కొత్తగా వచ్చిన కుక్కలు తప్పిపోయేది ఇలాగే, మొదటి రోజుల్లోనే, అప్పటికి వాటికి మీ ఇల్లు ఇల్లు కాదు, మీ పిలుపు పిలుపు కాదు. అందుకే కనీసం నెలరోజులు ఛాతీకి తొడిగే హార్నెస్‌కొకటి, కాలర్‌కొకటి, రెండు పట్టీలు వేయండి, కాలర్ లాగితే బిగుసుకునే మార్టింగేల్ రకం అయితే మంచిది, గ్రేహౌండ్‌కి అదే వాడతారు, తలకన్నా మెడ లావు కదా. చిప్ ఉందని చెప్తే సరిపోదు, వెట్ దగ్గర స్కాన్ చేయించి ఆ 15 అంకెలు కాగితంలో ఉన్నవేనా చూసుకుని రిజిస్ట్రేషన్ మీ పేరు మీదికి, మీ ఫోన్ నంబర్‌కి మార్పించండి. చాలామంది మర్చిపోయేది ఇదే, కుక్క దొరికితే ఫోన్ పాత యజమానికి పోతుంది.

మొదటి మూడు రోజులు భయం, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకి ఇల్లు అని రెస్క్యూ వాళ్ళు ఒక లెక్క చెప్తారు, లెక్క కచ్చితం కాదుగానీ దారి అదే. మొదటి రోజుల్లో ఎంత బుద్ధిగా ఉందో అని మురిసిపోకండి, కొత్తగా హాస్టల్లో దింపిన పిల్లాడిలా బిక్కుబిక్కుమంటూ ఉంది అంతే. చుట్టాలని పిలవద్దు, స్నానం చేయించొద్దు, పిల్లల్ని మీద పడి కావలించుకోనివ్వద్దు, ఒక మూల చూపించి వదిలేయండి. పెదాలు నాకడం, ఊరికే ఆవులించడం, తల తిప్పేసి కళ్ళ తెల్లగుడ్డుతో చూడడం, ఇవన్నీ దూరం జరగమని మర్యాదగా చెప్పడమే, వినకపోతే అప్పుడు గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే తర్వాతిసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. అసలు గుణం మూడోవారంలో బయటపడుతుంది, మావాడు సరిగ్గా పంతొమ్మిదో రోజున మొదటిసారి ఊళేశాడు, అర్ధరాత్రి, మెట్ల మీద నిలబడి, ఎందుకో ఇప్పటికీ తెలీదు.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే ఇంట్లోకి తీసుకొచ్చి పరిచయం చేయకండి, అది దాని అడ్డా. బయట రెండిటికీ సంబంధం లేనిచోట ఇద్దరు మనుషులు చెరో కుక్కని పట్టుకుని దూరం దూరంగా ఒకే దిక్కుగా నడవండి, మెల్లగా దగ్గరికి రండి, ఇంటికొచ్చేలోపు గిన్నెలు, బొమ్మలు ఎత్తి దాచేయండి.

సరిపడట్లేదు అనిపిస్తే పరువు పోతుందని ఆర్నెల్లు నలగకండి, వెంటనే గ్రూప్‌కి ఫోన్ చేయండి, సగం సందర్భాల్లో ఫోస్టర్ ఓ చిన్న కిటుకు చెప్తుంది. నాకు ఒంటరిగా వదిలితే ఏడుపు సమస్యకి ఆవిడ చెప్పింది ఒక్కటే, తాళాలు తీసుకుని బయటికెళ్ళి పది సెకన్లకే తిరిగి రా, రోజుకి ఇరవైసార్లు, వాడికి విసుగొచ్చేదాకా. పక్కింటివాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకున్నారు, పని మాత్రం చేసింది.

ఆ పచ్చ టవల్ ఐదో నెలలో ఉతికాను. వాడు ఒకసారి వాసన చూసి, దాని మీంచి నడిచెళ్ళి నా దిండు మీద పడుకున్నాడు.