ఇంట్లో బిగించుకున్న కంప్యూటర్ పదేపదే ఆగిపోతుంటే (నాలుగవ పాఠం): 41వ నంబరు ఈవెంటును చదవడం

ఈ పాఠంలో ర్యామ్ పరీక్ష మొదలుపెట్టవలసి ఉంది. అయితే విండోస్ నమోదు చేసుకున్న సంఘటనలను చూపే ఈవెంట్ వ్యూయర్ తెరవమని మూడవ పాఠంలో చెప్పిన తరువాత మీలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. సిస్టమ్ లాగ్‌లో ఎర్ర గుర్తుతో ‘కెర్నల్ పవర్, 41’ అన్న వరుస కనిపించగానే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) పాడైందని తేల్చేసుకున్నారు. తిరుపతిలో తిరుచానూరు రోడ్డులో ఉండే ఒకరు చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్లి 650 వాట్ల కొత్త ఎస్‌ఎంపీఎస్ తెచ్చి బిగించినా, మరుసటి రోజే సిస్టమ్ యథాప్రకారం రీస్టార్ట్ అయింది. అనవసరంగా డబ్బు పోయే చోటు ఇది కనుక ముందు దీని సంగతి చూద్దాం.

41వ ఈవెంటు కంప్యూటర్ ఆగిపోయిన క్షణంలో నమోదైనది కాదు. సిస్టమ్ మళ్లీ ఆన్ అయినప్పుడు, కిందటిసారి సక్రమంగా షట్‌డౌన్ కాలేదని విండోస్ గమనించి అప్పుడు దాన్ని రాసుకుంటుంది. వీధిలో కరెంటు పోయినా, బ్లూ స్క్రీన్ (విండోస్ లోపం కోడ్ చూపి ఆగిపోయే నీలి తెర) వచ్చినా, హ్యాంగ్ అయిందని మీరే పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా అదే 41 పడుతుంది. కాబట్టి ఆ నంబరును మాత్రమే చూసి ఏ భాగాన్నీ తప్పుపట్టడానికి వీల్లేదు.

చూడవలసింది దాని లోపల ఉంది. ఆ వరుస మీద రెండుసార్లు క్లిక్ చేసి, ‘డీటెయిల్స్’ ట్యాబ్‌లోకి వెళితే ‘బగ్‌చెక్ కోడ్’ అనే చోట ఒక సంఖ్య ఉంటుంది. అది సున్నా కాకపోతే విండోస్ బ్లూ స్క్రీన్‌తో ఆగిందని అర్థం. ఆ సంఖ్య దశాంశ పద్ధతిలో ఉంటుంది, బ్లూ స్క్రీన్ కోడ్‌ల పట్టికలు మాత్రం 16 ఆధారంగా లెక్కించే హెక్సాడెసిమల్‌లో ఉంటాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు వెతికితే సంబంధం లేని జవాబు దొరుకుతుంది కనుక, విండోస్ క్యాలిక్యులేటర్‌ను ప్రోగ్రామర్ మోడ్‌లో పెట్టి తప్పనిసరిగా మార్చుకోవాలి. 26ను మారిస్తే 1ఏ వస్తుంది. అది మెమరీ మేనేజ్‌మెంట్ లోపం. 278ని మారిస్తే 116; అది గ్రాఫిక్స్ డ్రైవర్ గాని, కార్డు గాని స్పందించకపోవడం. 292ను మారిస్తే 124. హార్డ్‌వేరే స్వయంగా లోపాన్ని నివేదించిందన్నమాట, ప్రాసెసర్‌ను గాని ర్యామ్‌ను గాని ఓవర్‌క్లాక్ చేసి (నిర్ణీత వేగాన్ని మించి నడిపి) ఉంటే ముందుగా దాన్ని తీసేయాలి. పైన చెప్పిన తిరుచానూరు రోడ్డు సిస్టమ్‌లో కనిపించింది 26. ఎస్‌ఎంపీఎస్ జోలికి వెళ్లవలసిన పనే లేదు.

సున్నా ఉంటే అసలు చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే విండోస్‌కు ఏమీ రాసుకునే వ్యవధి దొరకలేదు. అప్పుడు కూడా వెంటనే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించవద్దు. అక్కడే ‘పవర్ బటన్ టైమ్‌స్టాంప్’ కూడా చూడండి. అందులో సున్నా కాకుండా వేరే సంఖ్య ఉంటే బటన్ నొక్కి పట్టుకుని ఆపారన్నమాట, అంటే మనం వెతకవలసింది హ్యాంగ్‌కు కారణం. అదీ సున్నా అయితే ఇంటి కరెంటు వైపు చూడాలి. రేణిగుంటలోని ఒక ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్న ప్రతిసారీ సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవర్తనం 20 మిల్లీసెకన్లు. కరెంటు తెగినప్పుడు మామూలు ఎస్‌ఎంపీఎస్ పూర్తి లోడ్‌లో సాధారణంగా ఆ మాత్రం సేపు కూడా సిస్టమ్‌ను నిలబెట్టలేదు. ఆ ఇంటి ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ‘ఎకో’ వైపు ఉంది, దాన్ని ఇన్వర్టర్ త్వరగా అందుకునే ‘యూపీఎస్’ వైపు జరపడంతో సమస్య తీరింది. బోరు మోటారు వేసినప్పుడల్లా లైట్లు మినుకుమనే ఇళ్లలో ఆ సమయాన్ని, ఈవెంటు సమయాన్ని పోల్చి చూడండి.

మే నెలలో తిరుపతిలో మధ్యాహ్నాలు మాత్రమే ఆగిపోయే సిస్టమ్‌కు వేడి మీద అనుమానం పెట్టుకోవాలి. ఇంటెల్ బాక్సుతో వచ్చే కూలర్‌కు నాలుగు పుష్‌పిన్‌లు ఉంటాయి. పైనుంచి చూస్తే నాలుగూ దిగినట్టే కనిపిస్తాయి కాని, బోర్డు వెనక్కి తిప్పి చూస్తే ఒకదాని ప్లాస్టిక్ కాళ్లు రంధ్రం దాటి విచ్చుకోకుండా ఉండిపోవచ్చు; అప్పుడు కూలర్ ఒక మూల లేచి, ప్రాసెసర్‌ను సరిగా అంటదు. కూలర్‌కు, ప్రాసెసర్‌కు మధ్య పూసే పేస్టు కొత్తది కొనే ముందు ఆ నాలుగు పిన్‌లనూ వెనకవైపు నుంచే చూడాలని నా పట్టుదల. ఇవన్నీ సరిగా ఉండి, భారీ గేమ్ మొదలైన కాసేపటికే సిస్టమ్ ఒక్కసారిగా ఆరిపోయి, వెనక స్విచ్ ఆపి వేస్తే తప్ప ఆన్ కాకపోతే, అప్పుడు ఎస్‌ఎంపీఎస్ రక్షణ వలయం పనిచేసిందని అనుమానించడానికి ఆధారం ఉంటుంది.

ఇక ర్యామ్ గురించి క్లుప్తంగా. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్‌ను నేను వాడను. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86+ ఉచితం, నమ్మదగినది. పరీక్షకు ముందు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులలో) ఎక్స్‌ఎంపీని, అంటే ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగును, ఆపండి. డీడీఆర్4 ర్యామ్ మామూలు వోల్టేజీ 1.2 కాగా, ఎక్స్‌ఎంపీలో సాధారణంగా అది 1.35కు పెరుగుతుంది. ఎక్స్‌ఎంపీ ఆపితే లోపాలు పోయి, వేస్తే మళ్లీ వస్తే, ర్యామ్ స్టిక్ చెడిపోయిందని కాదు, ఆ వేగాన్ని ఆ కూర్పు మోయలేకపోతోందని అర్థం. ఒక్క ఎర్రర్ కనిపించినా పరీక్ష తప్పినట్టే లెక్క, ‘ఒకటే కదా’ అని వదిలేయకండి.

అభ్యాసం: మీ లాగ్‌లోని చివరి ఐదు 41 ఈవెంట్ల తేదీ, సమయం, బగ్‌చెక్ కోడ్, దాని హెక్సాడెసిమల్ రూపం, ఆ సమయంలో ఇంట్లో కరెంటు పరిస్థితి ఒక కాగితం మీద వరుసగా రాయండి. తరువాత ఒక్కొక్క స్టిక్‌ను విడిగా, ప్రాసెసర్ వైపు నుంచి రెండవ స్లాట్‌లో పెట్టి, రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి. రెండు స్టిక్‌లకు రెండు రాత్రులు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ రాత్రి లెక్కలోకి రాదు, మళ్లీ మొదటి నుంచి నడపాలి. ఆ కాగితం చేతిలో ఉంటేనే ఐదవ పాఠంలోని మినీడంప్ ఫైళ్లు (బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ దాచే వివరాల ఫైళ్లు) చదవడం సాధ్యమవుతుంది.