తులసి కషాయంతో బంగారు నానోకణాలు: రంగు దగ్గర్నుంచి ఎంటీటీ దాకా చిక్కులు, మరమ్మతులు

తులసి ఆకులు మరిగించి వడకట్టిన కషాయాన్ని 1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ యాసిడ్‌లో (నీళ్లలో కరిగే బంగారు లవణం) కలిపితే లేత పసుపు ద్రావణం ఎర్రబడాలి. ఆకులోని పాలీఫినాల్స్ బంగారు అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇస్తాయి. కషాయంలోని ప్రోటీన్లు, చక్కెరలు పుట్టిన కణాల్ని చుట్టుకుని ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతాయి.

సమస్య: గంటలు గడిచినా పసుపు పోలేదు.
కషాయం పాతబడి ఉండొచ్చు, లేదా ద్రావణం మరీ ఆమ్లంగా ఉండొచ్చు. అప్పటికప్పుడు కాచిన కషాయం వాడండి. పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కలుగా వేసి పీహెచ్ కాస్త పెంచండి. బంగారు లవణాన్ని లోహపు స్పాచులాతో తీయొద్దు. బంగారం దానిమీదే పేరుకుంటుంది.

సమస్య: ఊదా, నీలం రంగు, అడుగున నల్లటి మడ్డి.
కణాలు గుంపుకట్టాయి. కషాయం చాలక పూత సరిగా పడకపోవడమో, గాజుసామాను శుభ్రంగా లేకపోవడమో కారణం. ఫ్యూమ్ హుడ్‌లో ఆక్వారీజియాతో (గాఢ నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా తొలిచి, కషాయం పాళ్లు మారుస్తూ మళ్లీ చేయండి. మడ్డి కట్టినదాన్ని సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో కుదిపే యంత్రం) పెట్టి బతికించాలని చూడటం టైమ్ వేస్ట్.

అయితే ఎరుపు కానిదంతా పారబోయకండి. 2004లో పుణె ఎన్‌సీఎల్ (జాతీయ రసాయన ప్రయోగశాల)లో మురళీ శాస్త్రి బృందం నిమ్మగడ్డి కషాయంతో త్రికోణాకార బంగారు కణాలు తయారుచేసింది. అవి నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటాయి. వేడితో కణితిని కాల్చే చికిత్స పరిశోధనల్లో పనికొచ్చే గుణమిది. ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చిందో చూపే యూవీ-విజిబుల్ గ్రాఫ్‌లో 520–550 నానోమీటర్ల శిఖరంతో పాటు 700 దాటాక రెండో గుట్ట కనిపిస్తే, టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)లో ఆకారం చూశాకే తేల్చుకోండి.

సమస్య: పీబీఎస్‌లో (జీవకణాల పనుల్లో వాడే ఉప్పు ద్రావణం) వేయగానే నీలం.
అందులోని ఉప్పు బంగారు కణాల మధ్య వికర్షణను చంపేస్తుంది. థయోల్-పెగ్ (బంగారానికి అతుక్కునే పాలిమర్) పూత వేసి మళ్లీ చూడండి. గర్భనిర్ధారణ స్ట్రిప్‌లోని ఎర్రగీత కూడా బంగారు నానోకణాలదే. మూత్రంలో ఉప్పున్నా అవి తట్టుకుంటున్నాయంటే యాంటీబాడీ, ప్రోటీన్ పూత వల్లే.

సమస్య: ఎంటీటీ ఫలితం నమ్మలేనంత బాగుంది.
ఎంటీటీ అనే పసుపు రసాయనాన్ని బతికున్న జీవకణాలు ఊదాగా మారుస్తాయి; ఆ రంగును కొలిచి ఎన్ని బతికాయో లెక్కేసే పరీక్ష ఇది. నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. ఎంటీటీ రీడింగ్ తీసేది 570 నానోమీటర్ల దగ్గర, బంగారం శోషణ కూడా అక్కడిదాకా పాకుతుంది. పైగా పాలీఫినాల్స్ జీవకణాల అవసరమే లేకుండా ఎంటీటీని ఊదారంగు ఫార్మజాన్‌గా మార్చేస్తాయి. దాంతో చచ్చిన జీవకణాలు కూడా బతికున్నట్టు లెక్క వస్తుంది. దీనికి తిరకాసు ఇంకోటుంది: క్యాన్సర్ కణాలు నిజంగానే చచ్చినా, చంపింది బంగారమే అనడానికి లేదు. మిగిలిపోయిన కషాయమో, చర్య జరగని బంగారు అయాన్లో అయ్యుండొచ్చు.

అందుకే ప్లేట్‌లో ఐదు కంట్రోల్స్‌కు (పోల్చిచూసే నమూనాలకు) చోటివ్వండి: జీవకణాలు లేకుండా నానోకణాలు, ఎంటీటీ మాత్రమే ఉన్న బావి (ప్లేట్‌లోని చిన్న గుంట), అదే పలుచదనంలో ఒట్టి కషాయం, చివరిసారి సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేరిన నీరు, పక్కనే ఆరోగ్యకరమైన జీవకణాలు. ఎంటీటీ వేసేముందు బావుల్ని పీబీఎస్‌తో కడగండి. అనుమానం తీరకపోతే ట్రిపాన్ బ్లూ (చచ్చిన జీవకణాలకే పట్టే నీలి రంగు) వేసి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టండి.