చిన్న తీరప్రాంత పాఠశాల ఊరితో కలిసి సముద్రతీర దినం జరుపుకోవడం ఎలా?

సముద్రతీరాన ఉన్న చిన్న పాఠశాల ఊరివారితో కలిసి తీరాన్ని శుభ్రం చేసే కార్యక్రమం తలపెట్టినప్పుడు అన్నిటికంటే ముందు తెరవవలసింది ఆటుపోట్ల పట్టిక. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, ఈ రోజు ఉదయం తొమ్మిదింటికి విశాలంగా కనిపించిన ఇసుక వారం తరువాత అదే వేళకు నీటి కింద ఉండవచ్చు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి తీస్తుంది, అయితే తిరిగి వచ్చేటప్పుడు అంతే వేగంగా వస్తుంది. చిన్న తరగతుల పిల్లలు ఎక్కువగా ఉంటే నీటిమట్టంలో తేడా తక్కువగా ఉండే అష్టమి ప్రాంతపు రోజులను ఎంచుకోవడం మేలు. నీరు పూర్తిగా తీయడానికి గంటన్నర ముందు పని మొదలుపెట్టి, పోటు తిరిగేలోపు అందరినీ గట్టు మీదికి చేర్చాలి.

తేదీని ఖరారు చేసే ముందు మత్స్యకార కుటుంబాలను సంప్రదించాలి. పడవలు ఒడ్డుకు చేరే వేళ, వలలు ఆరబెట్టే చోటు, చేపల అమ్మకం సాగే గంటలు వారికి జీవనాధారం. ఆ సమయంలోనే కార్యక్రమం పెట్టుకుని, తరువాత ఊరివారు రాలేదని బాధపడటం న్యాయం కాదు. పైగా ఏ చోట ఇసుక కుంగుతుందో, ఏ చోట అలలు విరగకుండా నీరు లోపలికి లాగుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అందుచేత ముందురోజు ఉపాధ్యాయులు వారిలో ఒకరిని వెంటబెట్టుకుని తీరమంతా నడిచి, పిల్లలు దాటకూడని హద్దులను కర్రలు పాతి గుర్తించాలి.

ఆ రోజున పెద్ద తరగతి విద్యార్థులనూ చిన్నవారినీ కలిపి ఐదారుగురి జట్లుగా విడదీసి, ప్రతి జట్టుకూ ఒక పెద్దను అప్పగించాలి. పాదాలను పూర్తిగా కప్పే చెప్పులు, మందమైన చేతి తొడుగులు, టోపీ, తాగునీరు తప్పనిసరి. పగిలిన గాజు, సూదులు, మూత వేసిన డబ్బాలు కనిపిస్తే పిల్లలు ముట్టుకోకుండా వెంటనే పెద్దలను పిలవాలి. ఇసుకలో సగం కూరుకుపోయిన వలను లాగడానికి ప్రయత్నించకుండా, దానిని కోసి తీసే పని అనుభవజ్ఞులకు వదిలిపెట్టాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును చెత్తగా భావించి ఎత్తివేయడం తరచుగా జరిగే పొరపాటు. అది చిన్న జీవులకూ వాటిని తినే పక్షులకూ ఆధారం, ఇసుక కోతకు కొంత అడ్డు కూడా. ఇసుక దిబ్బల మీద పాకే తీగల వేళ్లే ఆ దిబ్బలను నిలబెడుతున్నాయి గనుక, ఉన్న దారి విడిచి వాటిని తొక్కకూడదు.

నా దృష్టిలో ఈ కార్యక్రమానికి ప్రాణం లెక్కింపు. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, క్యాథీ ఒహారా మొదలుపెట్టిన శుభ్రతా కార్యక్రమంలో స్వచ్ఛంద కార్యకర్తలు ఏరిన ప్రతి వస్తువునూ కాగితం మీద నమోదు చేశారు. నేడు ఏటా సెప్టెంబరు మూడో శనివారం అనేక దేశాల్లో జరిగే అంతర్జాతీయ తీర శుభ్రతా దినానికి అదే మూలం. పాఠశాల కూడా 100 మీటర్ల తీరభాగాన్ని ఎంచుకుని, ప్రతిసారీ అదే భాగంలో సీసాలు, మూతలు, సంచులు, తాళ్లు, సిగరెట్ పీకలు విడివిడిగా లెక్కించాలి. ఎవరు ఎక్కువ బరువు తెచ్చారన్న పోటీ మాత్రం పెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. తడిసిన వల ఒక్కటి తెచ్చిన జట్టు గెలిచి, ఓపికగా వందలాది ప్లాస్టిక్ ముక్కలు ఏరిన పిల్లలు ఓడిపోతారు.

ఊరంతా ఒకచోట చేరిన ఆ రోజే సునామీ అభ్యాసం కూడా చేయించడం ఎంతో అవసరం. 2004 డిసెంబరు 26న థాయిలాండ్‌లోని ఫుకెట్ తీరంలో సముద్రం నురగలు కక్కుతూ వింతగా ప్రవర్తించడం చూసి, పదేళ్ల బ్రిటిష్ బాలిక టిల్లీ స్మిత్ పెద్దలను హెచ్చరించడంతో అక్కడివారు సురక్షిత ప్రాంతానికి చేరుకోగలిగారు. సునామీ లక్షణాలను ఆమె రెండు వారాల ముందే భూగోళ పాఠంలో నేర్చుకుంది. బలంగానో చాలాసేపో భూమి కంపించినా, నీరు అసాధారణంగా వెనక్కి పోయినా, సముద్రం నుంచి పెద్ద హోరు వినిపించినా సైరన్ కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటికి వెళ్లాలని పిల్లలచేతే ఊరివారికి చెప్పించాలి. తరువాత అందరూ కలిసి ఆ ఎత్తైన చోటికి నడిచి, అందరికంటే చిన్న విద్యార్థికీ అందరికంటే వృద్ధులకూ ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి. మొదటి అలే పెద్దది కానవసరం లేదు కనుక, అధికారులు చెప్పేవరకు తిరిగి రాకూడదన్నది కూడా అభ్యాసంలో భాగమే.

ఏరిన చెత్తను తీసుకుపోయే వాహనాన్ని స్థానిక సంస్థతో ముందే మాట్లాడి సిద్ధం చేసుకోకపోతే, సంచులు ఒడ్డునే మిగిలి మరుసటి పోటుకు మళ్లీ సముద్రంలో కలుస్తాయి. లెక్కల పట్టికను రెండు ప్రతులు రాయించి, ఒకటి బడి గోడకూ మరొకటి పడవలు ఆగే చోటా అతికించి, దాని కింద తదుపరి తేదీతోపాటు ఆ రోజు నీరు తీసే వేళనూ పెద్ద అక్షరాలతో రాయించాలి.