శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవారికి జాగ్రత్తలు

మందస, పలాస వైపు నుంచి అడవి దారిన నడిచి వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి. కొండ ఒడిశాలోని గజపతి జిల్లాది, ఎత్తు 1,501 మీటర్లు.

– వెనక్కి తిరిగే సమయం ముందే ఖాయం చేసుకోండి. అదే రోజు దిగాలంటే మధ్యాహ్నం 12 దాటాక పైకి వెళ్లొద్దు, గుడి కనిపిస్తున్నా సరే. సాయంత్రం ఆరు దాటితే చెట్ల కింద దారి తెలియదు. ఎలుగుబంట్లు తిరిగే వేళ కూడా అదే. దారి తెలిసిన స్థానికుడు లేకుండా, ఒంటరిగా అసలు వద్దు.

– ఉపవాసంతో ఎక్కేవాళ్లకు నీళ్లు, పళ్లు, ఖర్జూరం తప్పనిసరి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ముందే డాక్టరును అడగాలి. ఖాళీ కడుపుతో ఎక్కితే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. అది చాలామంది అలసట అనుకుని నడుస్తూనే ఉంటారు, ప్రమాదమంతా అక్కడే. చక్కెర చేతికందేలా ఉంచుకోండి.

– మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు.

– పొడి చొక్కా ఒకటి, స్వెట్టరు ఒకటి. పైన పలాస కంటే సుమారు 9 డిగ్రీలు చల్లగా ఉంటుంది. చెమటతో తడిసిన బట్టకు గాలి తగిలితే వణుకు మొదలవుతుంది.

– కొత్త బూట్లు వద్దు, దిగేటప్పుడు బొబ్బలెక్కుతాయి. కాలిగోళ్లు కత్తిరించుకోండి.

– సిగ్నల్ లేనిచోట ఫోను దాన్ని వెతుకుతూ ఛార్జింగు తినేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. టార్చి విడిగా ఉండాలి.

– శివరాత్రి నాటికి అడవిలో ఆకులన్నీ ఎండి ఉంటాయి. బీడీ, అగ్గిపుల్ల దారిలో వద్దు.