షుగర్ మాత్ర మారితే రెండు వారాలు బీపీ మీద కన్నేయండి

షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఉప్పు కాస్త పెరిగితే చాలు, బీపీ ఎక్కుతుంది. కిడ్నీలు ఆ ఉప్పును తొందరగా బయటికి పంపలేకపోవడమే కారణం. అందుకే చీటీలో కొత్త షుగర్ మాత్ర కనబడితే, అది ఉప్పును ఒంట్లో పట్టి ఉంచుతుందా, మూత్రంలోకి పంపేస్తుందా అని డాక్టరుగారిని అడగండి.

పట్టి ఉంచేది పయోగ్లిటాజోన్. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తుంది కాబట్టి చాలామందికి అది వేసుకుంటున్నట్టే తెలియదు. స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో 15 మి.గ్రా. అనో, 7.5 అనో ఉంటుంది, చదవండి. ఇన్సులిన్‌ కూడా తోడైతే నీరు పట్టడం ఇంకా ఎక్కువ. సాయంత్రం మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదలండి. గుంట అలాగే నిలిస్తే నీరు చేరినట్టే. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు. గుండె బలహీనత ఉన్నవాళ్లకు ఈ మందు పనికిరాదు.

పంపేసేవి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. గ్లూకోజుతో పాటు సోడియం కూడా మూత్రంలో పోతుంది, పై బీపీ సుమారు 3 నుంచి 5 పాయింట్లు దిగుతుంది. మంచిదే. కానీ అప్పటికే క్లోర్థాలిడోన్ లాంటి నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) ఉంటే లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. మెట్‌ఫార్మిన్‌తో బీపీ పెద్దగా మారదు.

చూసుకునే పద్ధతి ఇది: 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, పొద్దున మాత్రలకు ముందు, మళ్లీ రాత్రి, నిమిషం తేడాతో రెండేసి సార్లు కొలిచి రాయండి. తర్వాత నిలబడి 1, 3 నిమిషాలకు కొలవండి. పై అంకె 20 పడిపోతే నీటి మాత్ర మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి, మీరే ఆపేయొద్దు.

ఈ మందులున్నాయని ఉప్పు పెంచుకోకండి. రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఆవకాయ, అప్పడం అన్నీ కలిపి చిన్న చెంచాడు. బీపీకి టెల్మిసార్టాన్ వాడేవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు 'తక్కువ సోడియం ఉప్పు' అడగకుండా కొనొద్దు. అందులో పొటాషియం ఉంటుంది, వీళ్ల ఒంట్లో అది పేరుకుపోవచ్చు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఏమీ తినలేకపోయినా ఆ రోజుకు డాపాగ్లిఫ్లోజిన్ ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. ఇన్సులిన్ మాత్రం మానొద్దు. కడుపునొప్పి, ఆయాసం ఉంటే షుగర్ మీటరు 180 చూపించినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లి కీటోన్ల (కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాల) పరీక్ష చేయించండి. ఈ మందుతో షుగర్ పెద్దగా పెరగకుండానే అవి పెరగొచ్చు.